పేర్చే ఆట, కంపెనీ బొమ్మ: గెలుపు ఎవరి చేతిలో ఉంది?

మాల్‌లోని గేమ్ జోన్‌లో ఫోన్లు, హెడ్‌ఫోన్లు, బొమ్మలు అద్దం వెనక పెట్టిన స్టాకర్ మిషన్ చూసే ఉంటారు. దాన్ని ఎల్‌ఏఐ గేమ్స్ సంస్థ 2004లో తెచ్చింది. అడ్డంగా 7, నిలువుగా 15 లైటు గడులు, ఒకే ఒక్క బటన్. మూడు గడుల పట్టీ అటూ ఇటూ పరిగెడుతుంటే బటన్ నొక్కి ఆపాలి. కింది వరసకు కుదరని గడి రాలిపోతుంది. పైకెళ్లే కొద్దీ వేగం పెరుగుతుంది, పట్టీ రెండు గడులకు, ఆపై ఒక్క గడికి కుంచించుకుపోతుంది. 11వ వరస చేరితే చిన్న బహుమతి. దాన్ని వదులుకుంటే 15వ వరసలోని పెద్ద బహుమతికి ప్రయత్నించవచ్చు.

పేర్చే ఆటలు అంతకుముందూ ఉన్నాయి. 1984 నాటి టెట్రిస్‌లో ఓడితే తప్పు ఆడినవాడిదే. స్టాకర్‌లో మాత్రం పెద్ద బహుమతి ఎప్పుడు దక్కాలో నిర్వాహకుడి మెనూలో ముందే అమర్చుకోవచ్చు. ఆ లెక్క ఇలా ఉంటుంది: బహుమతి ఖరీదు రూ.3,000, ఒక్క ఆటకు రూ.50 అనుకుందాం. 60 ఆటలకు ఖరీదు తిరిగొస్తుంది. రెట్టింపు రాబడి కావాలంటే సగటున 120 ఆటలకు ఒక గెలుపు ఉండేలా పెడతారు. ఆ వంతు రాకముందు చివరి వరసలో సరైన క్షణంలో నొక్కినా గడి ఒక అడుగు ముందుకు జారి ఆగుతుంది. చూసేవారికి వేలు ఆలస్యమైనట్టే కనిపిస్తుంది. ‘ఒక్క గడిలో పోయింది’ అనుకుని మళ్లీ డబ్బు పెడతారు. ఇదే తరహా ఆరోపణతో సెగా వారి బహుమతుల మిషన్ కీ మాస్టర్ మీద 2021లో కాలిఫోర్నియాలో దావా పడింది.

గెలుపు ఆడేవాడి నైపుణ్యమా, కాదా అన్న చర్చకు మన దేశంలో పాత పునాది ఉంది. సికింద్రాబాద్ క్లబ్బు ఒకదానికి సంబంధించిన కేసులో 1968లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటగా చెప్పింది. 1995లో శివాని కేసులో వీడియో గేమ్ పార్లర్లకు లైసెన్సు ఉండాలన్న నిబంధనలను సమర్థించింది. పేక ముక్కలు అందరి కళ్ల ముందే కలుపుతారు. మిషన్ అమరిక మాత్రం ఆడేవాడికి కనపడదు. తేడా అంతా అక్కడే ఉంది.

కంపెనీలు ఆటల్లోకి దిగింది మరో దారిలో, తమ గుర్తులు, బొమ్మలతో. 1983లో వచ్చిన ట్యాపర్ మిషన్ మీద బడ్‌వైజర్ బీరు గుర్తు ఉండేది, అది బార్ల కోసం చేసింది. పిల్లలు ఆడే చోట్ల పెట్టడానికి 1984లో రూట్ బీర్ (మద్యం లేని తీపి పానీయం) ట్యాపర్‌గా మార్చారు. 1990లో డొమినోస్ పిజ్జా బొమ్మ నోయిడ్‌తో వచ్చిన ఆట నిజానికి జపాన్‌లో క్యాప్‌కామ్ అప్పటికే విడుదల చేసిన నింజా ఆట. నాయకుణ్ణీ బొమ్మలనూ మార్చారు, అడుగున ఆట అదే. 7అప్ సీసా మీది ఎర్ర చుక్క 1993లో కూల్ స్పాట్ ఆటకు నాయకుడైంది. 1996లో చెక్స్ క్వెస్ట్ సీడీ ఏకంగా అమెరికాలో ఉదయం తినే ధాన్యపు డబ్బాలోనే వచ్చింది.

ఇంటర్నెట్‌తో ఇది ఇంకా తేలికైంది. పేర్చే ఆటంటే బ్రాండ్లకు మోజు ఎందుకంటే గడి స్థానంలో బిస్కెట్టో బర్గరో పెట్టి, పక్కన చప్పట్లు కొట్టే మస్కట్‌ను, అంటే కంపెనీ గుర్తు బొమ్మను నిలబెడితే ఆట తయారు. నియమాలు చెప్పాల్సిన పని లేదు, ఒక్క వేలితో అయిపోతుంది, ఓడినవాడు క్షణాల్లో మళ్లీ మొదలుపెడతాడు. హడావిడిగా చేసిన ఆటల్లో చెడేది ఎక్కువగా ఒకటే. తెర మీది చిత్రం సెకనుకు 60 సార్లు (60 ఫ్రేములు) మారుతూ, మూడు ఫ్రేములకొక గడి చొప్పున కదిలితే గడికి 50 మిల్లీసెకన్లు. ఫోన్ తెర స్పర్శను 100 మిల్లీసెకన్లు ఆలస్యంగా అందుకుంటే గడి రెండు స్థానాలు దాటిపోతుంది. ఆ జాప్యాన్ని లెక్కలోంచి తీసేసి, కాస్త పక్కకు పడిన గడిని సరిచేసే వెసులుబాటు ఇవ్వాలి. అది లేకపోతే దురుద్దేశం లేకున్నా ఆట మోసంలాగే అనిపిస్తుంది.

పిల్లల మీద మస్కట్ బలం ఎంతో 1991లోనే తేలింది. అమెరికాలో ఆరేళ్ల పిల్లలు సిగరెట్ ప్రకటనలోని జో క్యామెల్‌ను దాదాపు మిక్కీ మౌస్‌ను గుర్తుపట్టినంతగా గుర్తుపట్టారని ఒక వైద్య పత్రిక అధ్యయనం చూపింది. ఆ బొమ్మను 1997లో ఉపసంహరించారు. 2006లో అమెరికా ఆరోగ్య పరిశోధన సంస్థ కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్, ఆహార బ్రాండ్లు పిల్లల కోసం నడిపే 77 వెబ్‌సైట్లను పరిశీలిస్తే 546 ఆటలు కనిపించాయి. చిలీ 2016లో చక్కెర ఎక్కువున్న ఆహార డబ్బాల మీద ఇలాంటి బొమ్మలను నిషేధించింది. మన దగ్గర 2022 జూన్‌లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు పిల్లల అనుభవలేమిని, నమ్మే గుణాన్ని వాడుకునే ప్రకటనలను తప్పుబట్టాయి.

ఇవి ప్రకటనలకు వర్తిస్తాయి. మిషన్ లోపలి అమరిక ఆటగాడికి తెలియాలంటే గెలుపు నిష్పత్తిని అద్దం మీదే రాయించాలి. అంతవరకు డబ్బు పెట్టే ముందు నలుగురు ఆడేది చూడండి. 14వ వరస దాకా ఎక్కినవారికి చివరి గడి ప్రతిసారీ ఒకే వైపు, ఒకే అడుగు జారుతుంటే అనుమానించాలి. అలాంటి మిషన్ మీద 11వ వరస చేరితే చిన్న బహుమతి తీసుకోవడమే లాభం.