తెరమీది చిన్న తప్పులు: పట్టుకునే అలవాటు వెనుక ఉన్న చరిత్ర

హైదరాబాద్‌లో ఇప్పుడు ఏ పెద్ద సినిమా ట్రైలర్ విడుదలైనా, కొద్ది గంటల్లోనే అందులోని దృశ్యాలను ఒక్కొక్కటిగా ఆపి, తప్పు కనిపించిన చోట ఎర్రటి సున్నా చుట్టి, స్నేహితులకు పంపుకునే ప్రేక్షకులు కనిపిస్తారు. ఒక షాట్‌లో మోచేతి దాకా మడిచిన చొక్కా చేయి మరుసటి షాట్‌లో మణికట్టు దాకా దిగి ఉంటుంది. సగం తాగిన టీ గ్లాసు మళ్లీ నిండుతుంది. 1980ల నాటి కథలో వీధి చివర నిన్న మొన్న వచ్చిన కారు నిలబడి ఉంటుంది. ఇలా వెతకడాన్ని పనిలేనివారి కాలక్షేపమని సినిమావాళ్లు కొట్టిపారేస్తుంటే, దొరికిన ప్రతి తప్పునూ దర్శకుడి చేతకానితనానికి సాక్ష్యంగా చూపేవారు మరోవైపు ఉన్నారు. ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో, ఆ తప్పులు ఎలా పుడతాయో తెలిస్తే ఈ రెండు మాటలూ అన్యాయమైనవేనని అర్థమవుతుంది.

అలవాటు సినిమాతో పుట్టింది కాదు. సంస్కృత ఆలంకారికుడు దండి తన కావ్యాదర్శంలో కావ్యానికి ఉండకూడని పది దోషాలు చెబుతూ, చివరిదిగా దేశ విరోధం (చోటుకు పొసగనిది), కాల విరోధం (కాలానికి పొసగనిది), లోక విరోధం (లోకరీతికి పొసగనిది) మొదలైనవాటిని చేర్చాడు. చందన వృక్షాల కొండల మీదుగా వీచే మలయమారుతానికి కర్పూర వృక్షాల పరిమళం అంటగట్టడం దేశ విరోధానికి, తామర రాత్రిపూట విచ్చుకున్నదనీ కలువ పగటిపూట వికసించిందనీ రాయడం కాల విరోధానికి ఆయన ఇచ్చిన ఉదాహరణలు. 1980ల వీధిలో కొత్త కారును పట్టుకునే కుర్రవాడు చేస్తున్నది సరిగ్గా ఈ కాల విరోధాన్ని చూపించడమే. అయితే దండి అక్కడితో ఆగలేదు. ఇటువంటి విరోధమంతా ఒక్కొక్కప్పుడు కవి నేర్పు వల్ల దోషాల లెక్కను దాటి గుణాల దారిలో ప్రవేశిస్తుందని కూడా అన్నాడు. పన్నెండు వందల ఏళ్లకు పూర్వమే వచ్చిన ఈ వివేచన ఈనాటి చర్చల్లో సగానికి సగం కనిపించకపోవడం బాధాకరం.

సినిమాలో తప్పు పుట్టే తీరు కావ్యంలో కంటే వేరు. కథ వరుసలో చిత్రీకరణ జరగదు. ఒక ఇంటి సెట్‌లో జరిగే సన్నివేశాలన్నీ, కథలో అవి ఎంత దూరదూరంగా ఉన్నా, నటుల కాల్షీట్లు దొరికిన రోజుల్లో ఒకేచోట తీసేస్తారు. నటుడు గుమ్మం బయట నిలబడి తలుపు తట్టే షాట్ ఒక నెలలో, లోపలికి అడుగుపెట్టే షాట్ మరో నెలలో తీయడం మామూలు విషయం. ఒకే సంభాషణను ముందు సన్నివేశమంతా పట్టే మాస్టర్ షాట్‌గా, తరువాత ఇద్దరి క్లోజప్‌లుగా విడివిడిగా పలుమార్లు తీస్తారు కాబట్టి, చేయి ఎక్కడుంది, నుదుటిమీద చెమట ఎంత ఉంది, గడియారంలో ముల్లు ఎక్కడుంది అన్నవన్నీ ప్రతిసారీ కలవాలి. దీన్నే తెలుగు యూనిట్లలో కంటిన్యుటీ అంటారు. హాలీవుడ్‌లో దీనికోసం స్క్రిప్ట్ సూపర్‌వైజర్ అనే ప్రత్యేక ఉద్యోగి ఉంటే, మన దగ్గర చాలాకాలం ఈ భారం అసిస్టెంట్ డైరెక్టర్లలో ఒకరి నోటుపుస్తకంమీద, స్టిల్ ఫోటోగ్రాఫర్ తీసిన ఫోటోలమీద నడిచింది. యూనిట్‌లో అతి తక్కువ జీతం తీసుకునే మనిషి జ్ఞాపకశక్తిమీద ఇంత బరువు వేసి, కంటిన్యుటీ జంప్ అయిందని తెలిసిన రోజున అతణ్నే నిలదీయడం ఈ పరిశ్రమ మార్చుకోవలసిన పద్ధతి.

ప్రేక్షకులు వెతకడం కూడా సినిమా అంత పాతదే. అమెరికాలో ఫోటోప్లే అనే పత్రిక 1910ల చివర్లోనే, తెరమీద తమకు కనిపించిన అసంబద్ధాలను రాసి పంపమని పాఠకులను ఆహ్వానిస్తూ ఒక ప్రత్యేక శీర్షిక నడిపింది. తెలుగు సినిమా 1932లో మాట నేర్చిన తరువాత దశాబ్దాలపాటు మద్రాసులోనే ఎక్కువగా తయారైంది; అందువల్ల తెలుగు ఊళ్లో జరిగే కథలో మద్రాసు వీధులు, వాటిలో తమిళ బోర్డులు కనబడటం ఒక తరం ప్రేక్షకులకు అలవాటైన సంగతి. ఆనాటి ప్రేక్షకుడికి అనుమానం వచ్చినా దాన్ని రుజువు చేసుకునే దారి లేదు. మళ్లీ టికెట్టు కొనుక్కుని వెళ్లి, ఆ రెండు క్షణాల కోసం రెండున్నర గంటలు కూర్చోవాలి. అంత శ్రమపడి చూసి వచ్చినవారి మాటకు స్నేహితుల మధ్య విలువ ఉండేది.

1980లలో వీడియో క్యాసెట్ ఇళ్లలోకి వచ్చింది. బొమ్మను ఆపే, వెనక్కి తిప్పే అధికారం మొదటిసారి ప్రేక్షకుడి చేతికి అందింది, ఈ చరిత్రలో అసలు మలుపు అదే. ఆ తరువాత సీడీలు, డీవీడీలు వచ్చాయి. 1990లో మొదలైన ఇంటర్నెట్ సినిమా సమాచార నిధి ఐఎండీబీ సినిమా తప్పులకు ప్రత్యేక విభాగాన్నే ఏర్పాటు చేసింది. ఇవాళ ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పంపడానికి క్షణం చాలు. థియేటర్‌లో ఒక్కసారి చూసేవారి కోసం కూర్చిన దృశ్యాన్ని ఇప్పుడు ఆపి, పెద్దది చేసి చూస్తున్నాం. వాదన మొదలుపెట్టే ముందు ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి.

ఎందుకంటే కంటిన్యుటీ తప్పుల్లో చాలావాటిని ఎడిటర్ చూడక వదిలెయ్యడు, చూసే వదిలేస్తాడు. ప్రసిద్ధ ఎడిటర్ వాల్టర్ మర్చ్ ఒక కట్ మంచిదో కాదో తేల్చే ఆరు అంశాలకు తన అంచనాగా ప్రాధాన్యం పంచిపెట్టినప్పుడు భావోద్వేగానికి 51 శాతం, కథకు 23 శాతం, లయకు 10 శాతం ఇచ్చి, మనుషులూ వస్తువులూ ఎక్కడెక్కడ ఉన్నారన్న స్థల సంబంధమైన కొనసాగింపుకు అన్నిటికంటే చివర 4 శాతమే ఇచ్చాడు. నటి కన్నీరు నిజంగా పొంగిన టేక్‌లో (ఒకే షాట్‌ను పలుమార్లు తీసినవాటిలో ఒకదానిలో) ఆమె చేతిగాజులు లెక్క తప్పి ఉంటే, గాజులు సరిగా ఉన్న పేలవమైన టేక్‌ను పక్కనపెట్టి తప్పున్న టేక్‌నే వాడుకోవాలన్నది దీని సారం. నా దృష్టిలోనూ అదే సరైన నిర్ణయం. దండి చెప్పిన కవి నేర్పు సినిమాలో ఎడిటింగ్ బల్లమీద కనబడుతుంది.

మనస్తత్వ శాస్త్రం కూడా ఎడిటర్ పక్షానే ఉంది. డేనియల్ లెవిన్, డేనియల్ సైమన్స్ 1997లో ప్రచురించిన పరిశోధనలో, ఇద్దరు మాట్లాడుకునే చిన్న వీడియోలో కావాలనే తొమ్మిది మార్పులు పెట్టి చూపిస్తే, పదిమందిలో ఒక్కరే ఏదో మారిందని చెప్పగలిగారు. మరో ప్రయోగంలో కట్ దగ్గర ఏకంగా నటుణ్నే మార్చినా, చూసినవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది గుర్తించలేదు. మనసు కథమీద లగ్నమైనప్పుడు కన్ను వస్తువులను లెక్కపెట్టదు.

తప్పును పట్టుకోవడం వృథా అని దీని అర్థం కాదు. టైటానిక్ సినిమాలో నాయిక చూసే నక్షత్రాలు 1912 ఏప్రిల్ నాటి ఆకాశంలో ఉండవలసినవి కావని ఖగోళ శాస్త్రవేత్త నీల్ డిగ్రాస్ టైసన్ పట్టుబట్టడంతో, 2012లో త్రీడీలో తిరిగి విడుదల చేసినప్పుడు దర్శకుడు జేమ్స్ కామెరాన్ ఆ ఆకాశాన్ని మార్చాడు. 2019 మే నెలలో, పాతకాలపు రాజ్యాల తరహా కథ అయిన గేమ్ ఆఫ్ థ్రోన్స్ ధారావాహికలో బల్లమీద మరచిపోయిన కాఫీ కప్పును ప్రేక్షకులు చూపించగా, రెండు రోజుల్లో దాన్ని కంప్యూటర్‌లో చెరిపేశారు. ఫిల్మ్ ప్రింట్లు పెట్టెల్లో ఊరూరా వెళ్లే కాలంలో ఊహకందని దిద్దుబాటు ఇది.

డైలీ సీరియళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చిన తరువాత హైదరాబాద్‌లో సీరియల్ నిర్మాణం విస్తరించింది. ప్రసారానికి కొద్దిరోజుల ముందే తీసి ఇవ్వవలసిన ఒత్తిడిలో పనిచేసే ఆ యూనిట్లను భారీ సినిమాలతో ఒకే తక్కెడలో తూచకూడదు.

కంటిన్యుటీ తప్పును ఇలా క్షమించవచ్చు గానీ, దేశ కాల విరోధాలను అంత తేలికగా వదలకూడదని నా అభిప్రాయం. గాజుల లెక్క ఆ సన్నివేశంతో పోతుంది; ఊరి రూపం తప్పుగా చూపిస్తే అదే తరువాతి తరం జ్ఞాపకంగా మిగులుతుంది. హుస్సేన్‌సాగర్‌లో బుద్ధ విగ్రహం నిలిచింది 1992 చివర్లో. సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998లో. శంషాబాద్ నుంచి విమానాలు ఎగిరింది 2008లో, మెట్రో రైలు నడిచింది 2017లో. 1985 నాటి హైదరాబాద్ కథలో ట్యాంక్‌బండ్ వెనుక బుద్ధుడు కనబడితే నగరవాసి వెంటనే పట్టుకుంటాడు, పట్టుకోవడం న్యాయం కూడా. ఇందులో నటన చెడుతుందనో, టేక్ పోతుందనో చెప్పుకునే వీలు లేదు. చిత్రీకరణకు ముందే కళా విభాగం ఊరి పెద్దలను అడిగి, పాత ఫోటోలు చూసి సరిచేసుకోగలిగిన పని ఇది.

వాహనాల నంబరు ప్లేట్లు మాత్రం పట్టుకునేవారిని కూడా పొరబాటు పడేట్టు చేస్తాయి. 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడ్డాక కొత్త వాహనాలకు టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ వచ్చాయి. అందువల్ల 2010 కథలో టీఎస్ కనబడితే అది కచ్చితంగా తప్పు. 2018 కథలో ఏపీ నంబరు కనబడితే తప్పు కాదు, ఎందుకంటే తెలంగాణ ఏర్పడకముందు రిజిస్టరైన బండ్లు అదే నంబరుతో నగరంలో తిరుగుతూనే ఉన్నాయి. ఎర్రటి సున్నా చుట్టేముందు ప్రేక్షకుడూ, వీధిలో కార్లు నిలబెట్టేముందు కళా విభాగమూ ఈ తేదీలను ఒకసారి సరిచూసుకోవాలి.