టక్‌మన్నంత మాత్రాన పూస సర్దుకున్నట్టేనా?

వెన్నుపూసలను చేతులతో సర్ది నొప్పి తగ్గిస్తామనే చికిత్సకుడు కైరోప్రాక్టర్. ఆయన మెడను ఒక పక్కకు తిప్పి, చివర్లో చిన్న కుదుపు ఇస్తారు. టక్‌మంటుంది. జరిగిన పూస తన చోటికి వచ్చిందనడానికి ఆ చప్పుడే రుజువని చేయించుకున్నవాళ్లు అనుకుంటారు. చేసేవాళ్లలో కొందరు కూడా అదే చెబుతారు. ఈ నమ్మకం వయసు దాదాపు నూట ముప్పై ఏళ్లు.

1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రం, డావెన్‌పోర్ట్‌లో డేనియల్ డేవిడ్ పామర్ అనే ఆయన అయస్కాంత వైద్యం పేరుతో చేతులతో జబ్బులు నయం చేస్తూ ఉండేవాడు. అదే భవనంలో ఊడ్చి శుభ్రం చేసే హార్వీ లిల్లార్డ్‌కు చెవుడు. అతని వెన్నులో ఎత్తుగా కనిపించిన పూసను నొక్కి సర్దాననీ, వినికిడి తిరిగొచ్చిందనీ పామర్ ప్రకటించాడు. కథలో పేచీ ఇక్కడే ఉంది. వినికిడి నరం లోపలి చెవి నుంచి మెదడు కాండానికి పుర్రె లోపలే వెళ్తుంది, వెన్నుపూసల దరిదాపులకు రాదు. పామర్ మాత్రం ఆగలేదు. పూస కాస్త పక్కకు జరిగి నరాన్ని నొక్కితే జబ్బు పుడుతుందన్నాడు, ఆ స్థితిని సబ్‌లక్సేషన్ అన్నాడు. 1910 నాటికి 95 శాతం రోగాలకు జరిగిన పూసలే కారణమని రాసేదాకా వెళ్లాడు.

ఆయన కొడుకు బి.జె. పామర్ అదే ఏడాది ఎక్స్‌-రేను ఈ పనిలోకి తెచ్చాడు. దాంతో సిద్ధాంతానికి సైన్సు రూపం వచ్చింది, గందరగోళమూ పెరిగింది. ఎవరి వెన్నూ అద్దంలో బింబంలా రెండు వైపులా సమానంగా ఉండదు. నిలబడే తీరు కొంచెం మారినా ఫిల్ములో పూసల వరుస మారుతుంది. ఏ నొప్పీ లేనివాళ్ల ఫిల్ముల్లోనూ ఇలాంటి తేడాలు బోలెడు దొరుకుతాయి. ఎముక విరిగిందనో, కణితి ఉందనో, ఇన్ఫెక్షన్ సోకిందనో అనుమానం ఉన్నప్పుడు ఎక్స్‌-రేకు అర్థం ఉంది. పూసల వంకరలు కొలవడానికి పదేపదే తీయించుకుంటే దక్కేది రేడియేషనే.

డాక్టర్లతో తగవు కోర్టు దాకా పోయింది. చెస్టర్ విల్క్, మరికొందరు కైరోప్రాక్టర్లు 1976లో అక్కడి డాక్టర్ల సంఘం అమెరికన్ మెడికల్ అసోసియేషన్ మీద దావా వేశారు. తమ వృత్తిని అక్రమంగా బహిష్కరించారని వాళ్ల ఆరోపణ. 1987లో తీర్పు వాళ్లకు అనుకూలంగా వచ్చింది. అది పోటీని అణచడం గురించిన తీర్పు, సబ్‌లక్సేషన్ నిజమని కోర్టు ఎక్కడా చెప్పలేదు. 2010లో బ్రిటన్‌లో ఈ వృత్తిని నియంత్రించే జనరల్ కైరోప్రాక్టిక్ కౌన్సిలే, సబ్‌లక్సేషన్ రోగాలకు కారణమనడానికి క్లినికల్ ఆధారం లేదని స్పష్టం చేసింది.

ఇక చప్పుడు సంగతి. కీలు చుట్టూ ఉండే సంచిలో జిగురు ద్రవం ఉంటుంది, అందులో వాయువులు కరిగి ఉంటాయి. ఎముకల కొసలను ఠక్కున ఎడంగా లాగితే లోపల ఒత్తిడి పడిపోయి వాయువుతో నిండిన ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ పుట్టేటప్పుడే చప్పుడొస్తుందని 1947లో లండన్ పరిశోధకులు అన్నారు. కాదు, బుడగ కూలినప్పుడని 1971లో లీడ్స్ బృందం అంది. 2015లో కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్లు ఎంఆర్‌ఐ యంత్రంలో వేలిని లాగుతూ చిత్రాలు తీస్తే, చప్పుడు తర్వాత కూడా ఖాళీ అలాగే కనిపించింది. బుడగ కొంత కూలితే చాలు, చప్పుడు పుడుతుందని 2018లో వచ్చిన గణిత నమూనా మళ్లీ చర్చ లేపింది. పుట్టడమో కూలడమో తేలకపోయినా, ఇదంతా ద్రవంలోని వాయువు చేసే పని. ఒకసారి విరిచిన మెటిక మళ్లీ మోగడానికి సుమారు 20 నిమిషాలు పట్టేదీ అందుకే.

ఇంకో చిక్కు. చప్పుడు ఏ పూస దగ్గర పుట్టిందో 2004లో ఒక బృందం పరికరాలతో కొలిచింది. నడుం భాగంలో దాదాపు సగం సార్లే అది గురిపెట్టిన చోటు నుంచి వచ్చింది, సగటు తేడా 5 సెంటీమీటర్లకు పైనే. అంటే ఒక పూస అవతలో ఇవతలో. చప్పుడు వచ్చినవాళ్లకు నొప్పి ఎక్కువ తగ్గిందని కూడా పరీక్షల్లో తేలలేదు.

అయితే ఉపశమనం వట్టిదా? కాదు, కానీ కొద్దిపాటిదే. 2017లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చిన సమీక్ష ప్రకారం, కొత్తగా వచ్చిన నడుం నొప్పి ఈ చికిత్సతో ఆరు వారాల లోపు 100 పాయింట్ల కొలతలో సుమారు 10 పాయింట్లు అదనంగా తగ్గింది. దీర్ఘకాలిక నడుం నొప్పి మీద 47 ప్రయోగాలను కలిపి చూసిన 2019 సమీక్షలో, వ్యాయామం లాంటి సిఫార్సు చేసిన చికిత్సలతో ఇది దాదాపు సమానంగా నిలిచింది. కుదుపుతో వచ్చే ఈ ఉపశమనానికి కండరాల బిగువు కాసేపు సడలడం, నొప్పి సంకేతాల తీవ్రత తగ్గడం కారణాలు కావచ్చు. దానికి పూస జరగనక్కర్లేదు. జీర్ణకోశ జబ్బులకో ఆస్తమాకో ఇదే చికిత్స అని ఎవరైనా అంటే నమ్మడానికి ఆధారం లేదు.

చికిత్స తర్వాత ఒకటి రెండు రోజులు కండరాల నొప్పి, బిగుతు మామూలే. మెడ విషయంలో భయం వేరు. మెదడుకు రక్తం తీసుకెళ్లే వెర్టిబ్రల్ ధమనులు మెడ పూసల పక్కనున్న రంధ్రాల గుండా పైకెళ్లి, మొదటి పూస దగ్గర బాగా మెలిక తిరుగుతాయి. అక్కడ లోపలి పొర చిరిగితే గడ్డకట్టిన రక్తం పక్షవాతం తెప్పించవచ్చు. ఇది అరుదు. పైగా చిరుగు ముందే ఉండి, ఆ మెడ నొప్పితోనే మనిషి చికిత్సకు వచ్చి ఉండవచ్చని 2008లో కెనడాలోని ఒంటారియోలో జరిగిన అధ్యయనం సూచించింది. కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్లడానికీ ఈ పక్షవాతానికీ మధ్య కనిపించిన సంబంధమే, కుటుంబ వైద్యుల దగ్గరికి వెళ్లినవాళ్లలోనూ కనిపించింది. ముందే ఉన్న చిరుగు మీద కుదుపు ఇవ్వడం మంచిదని దీని అర్థం కాదు. అందుకే ఇంతకు ముందెన్నడూ లేనంత తీవ్రంగా మెడ నొప్పో తలనొప్పో వచ్చినా, రెండుగా కనిపించినా, మాట తడబడినా, ఒక కనురెప్ప వాలినా మెడ ముట్టుకోనివ్వకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నడుం నొప్పితో పాటు మూత్రం రాకుండా ఆగిపోవడం, కూర్చునే చోట తిమ్మిరి, కాలు బలం తగ్గిపోవడం ఉంటే అదీ అత్యవసరమే. ఎముకలు గుల్లబారినవాళ్లు, రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు, కేన్సర్ చరిత్ర ఉన్నవాళ్లు ముందుగా తమ డాక్టర్‌ను అడగాలి, బల్ల ఎక్కేముందు కైరోప్రాక్టర్‌కూ ఆ విషయం చెప్పాలి.