మీ రౌటర్‌కీ పక్కింటి రౌటర్‌కీ ఒకే నంబరు ఎందుకుంది?

మా నాన్నగారి ఇంట్లో ఫైబర్ కనెక్షన్ పెట్టించినప్పుడు కంపెనీ వాళ్లు హాల్లో ఒక బాక్స్ బిగించి వెళ్లారు. దాని సిగ్నల్ వెనక గదికి అందడం లేదని నేను ఇంకో రౌటర్ కొని దానికి కేబుల్‌తో కలిపాను. వైఫై పేరు కనబడుతోంది, పాస్‌వర్డ్ తీసుకుంటోంది, నెట్ మాత్రం రాదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే మా వైపు అంతా బాగానే ఉంది, ఆపి మళ్లీ ఆన్ చేయండి అన్నారు. నాలుగుసార్లు చేశాం. చివరికి తేలిందేమిటంటే, నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తుపట్టే నంబరు, అంటే ఐపీ అడ్రస్, రెండింటికీ ఒకటే: కంపెనీ బాక్స్ అడ్రసూ 192.168.1.1, నేను కొన్న రౌటర్ అడ్రసూ 192.168.1.1. బయటికి పోయే దారి ఎటో, ఇంటి లోపల ఎటో రెండో రౌటర్ తేల్చుకోలేకపోయింది. దాని అడ్రస్‌ని 192.168.2.1 గా మార్చగానే నెట్ వచ్చేసింది.

ఇన్ని కోట్ల ఇళ్లలో ఇదే నంబరు ఎందుకు కనిపిస్తుంది? తయారు చేసేవాళ్ల బద్ధకం అనుకుంటే పొరపాటు. దీని వెనక అడ్రస్‌ల కరువు ఉంది.

ఇంటర్నెట్ అడ్రస్ ఎంత పొడవుండాలన్నది 1977లో తేల్చారు. అప్పట్లో అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ డార్పాలో ఈ పని చూస్తున్న వింట్ సెర్ఫ్, 32 బిట్లు (సున్నా లేదా ఒకటి అనే అంకెలు 32) చాలన్నారు. అంటే దాదాపు 429 కోట్ల అడ్రస్‌లు. తాము చేస్తున్నది ఒక ప్రయోగం మాత్రమేనని అప్పుడు అనుకున్నామని ఆయన తర్వాత చాలాసార్లు చెప్పారు. ఆ లెక్కే 1981 సెప్టెంబరులో ప్రమాణ పత్రంగా వచ్చింది, 1983 జనవరి 1న ఇంటర్నెట్‌కి ముందున్న అమెరికా నెట్‌వర్క్ ఆర్పానెట్ మొత్తం ఆ పద్ధతికి మారింది. జేబులో ఫోనూ, గోడ మీద టీవీ, గుమ్మం దగ్గర కెమెరా తలా ఒక అడ్రస్ అడిగే రోజు వస్తుందని ఆనాడు ఎవరు ఊహిస్తారు? అందుకే వాళ్లని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు.

పంచిన తీరును మాత్రం తప్పుపట్టవచ్చు. అడ్రస్‌లను మూడు సైజుల మూటలుగా కట్టారు: ఒకదానిలో 1.67 కోట్లు, ఒకదానిలో 65 వేలు, ఒకదానిలో 256. రెండు వేల కంప్యూటర్లున్న సంస్థకి చిన్న మూట చాలదు కాబట్టి 65 వేల మూట ఇచ్చేవారు, మిగతావి వృథా. ఎంఐటీ అనే ఒక్క విద్యాసంస్థకి 18తో మొదలయ్యే అడ్రస్‌లన్నీ దక్కాయి. 1993లో ఈ మూటల పద్ధతి తీసేసి కావలసినంతే కొలిచి ఇవ్వడం మొదలుపెట్టారు. అప్పటికే చాలా పోయింది.

1994లో రెండు ఉపాయాలు వచ్చాయి. మొదటిది, కొన్ని అడ్రస్‌లను ఎవరికీ సొంతం కాకుండా, ఎవరింట్లో వాళ్లు వాడుకునేలా వదిలేయడం. 10తో మొదలయ్యేవన్నీ, 172.16 నుంచి 172.31 వరకూ, 192.168తో మొదలయ్యేవన్నీ అలా విడిచిపెట్టినవే. ఆ 10 ఒకప్పుడు ఆర్పానెట్ నంబరే. 1990లో ఆర్పానెట్‌ని ఆపేశాక అది ఖాళీ అయింది.

రెండోది న్యాట్, అంటే ఇంట్లోని పరికరాలన్నీ బయటికి ఒకే అడ్రస్‌ని పంచుకునే పద్ధతి. మన ఊళ్లలో ఒక ఇంటి స్థలం నలుగురు పంచుకుంటే మున్సిపాలిటీ వాళ్లు పాత డోర్ నంబరుకే బై నంబర్లు ఇస్తారు కదా, అదే పని రౌటర్ చేస్తుంది. మీ ఫోన్ బయటికి ఏదైనా అడిగితే రౌటర్ తన సొంత అడ్రస్ వేసి, పక్కన ఒక బై నంబరు తగిలించి, అది ఎవరిదో తన దగ్గర రాసుకుని పంపుతుంది. జవాబు ఆ బై నంబరుతో తిరిగొస్తే ఎవరిదో చూసి అందిస్తుంది. ఆ బై నంబరునే పోర్ట్ అంటారు. లోపలి నుంచి ఎవరూ అడగకుండా బయటి నుంచి వచ్చిన దానికి బై నంబరు రాసి ఉండదు, కాబట్టి రౌటర్ దాన్ని పారేస్తుంది. పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే ఆ రాత మనమే ముందుగా రాసిపెట్టడం.

అదే ఏడాది జులైలో కొందరు ఇంజినీర్లు ఎవరింట్లో వాళ్లు వాడుకునే ఈ అడ్రస్‌ల పద్ధతికి అభ్యంతరం చెబుతూ ఒక పత్రం రాశారు. ఒకే నంబర్లు వాడుతున్న రెండు నెట్‌వర్కులు రేపు కలవాల్సి వస్తే ఏం చేస్తారన్నది వాళ్ల ప్రశ్నల్లో ఒకటి. వాళ్ల మాట నెగ్గలేదు, 1996 ఫిబ్రవరిలో పద్ధతి ఖాయమైంది. వాళ్లు భయపడ్డది మా నాన్నగారి హాల్లో నా కళ్లముందే జరిగింది.

మన దేశంలో ప్రభుత్వ కంపెనీ వీఎస్‌ఎన్‌ఎల్ 1995 ఆగస్టు 15న జనానికి ఇంటర్నెట్ ఇచ్చినప్పుడు ఇంటికి ఒక కంప్యూటర్, ఒక మోడెమ్. బ్రాడ్‌బ్యాండూ వైఫై వచ్చాక ఒక్క కనెక్షన్ మీద పది పరికరాలు చేరాయి. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ నిల్వలో చివరి అడ్రస్‌లు పంచేశారు. అదే ఏడాది ఏప్రిల్ 15న మన ఆసియా పసిఫిక్ ప్రాంతపు సంస్థ ఏపీనిక్ చివరి మూటకి చేరి రేషన్ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది 100.64 నుంచి 100.127 వరకూ సుమారు 42 లక్షల అడ్రస్‌లను సర్వీసు కంపెనీల లోపలి వాడకానికి కేటాయించారు. ఇంట్లో జరిగిన బై నంబర్ల పనే ఇప్పుడు కంపెనీ ఆఫీసులో ఇంకోసారి, చాలా ఇళ్లకు కలిపి జరుగుతుంది.

అందుకే ఇబ్బంది వచ్చినప్పుడు రీస్టార్ట్ కన్నా ముందు రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (రౌటర్ బయటి వైపు అడ్రస్) అని ఉన్నచోట ఏముందో చూడండి. 192.168 అని ఉంటే ముందు ఇంకో బాక్స్ రౌటర్‌లా పనిచేస్తోంది. ఒకటి రౌటర్‌గా ఉంచి రెండోదాన్ని వైఫై మాత్రమే పంచే యాక్సెస్ పాయింట్‌గా మార్చడం మేలు. 0.0.0.0 ఉంటే కంపెనీ నుంచి అడ్రసే రాలేదు, అప్పుడు గట్టిగా అడగండి. కంప్యూటర్‌లో 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే, రౌటర్ నుంచి జవాబు రాక అది తనకు తానే పెట్టుకున్న నంబరు. కేబుల్, రౌటర్‌లో అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సెట్టింగ్ చూడండి.

వ్యాన్ ఐపీలో 100.64 నుంచి 100.127 లోపు అడ్రస్ కనిపిస్తే మాత్రం మీ సెట్టింగ్‌లో తప్పు వెతుక్కోకండి. అమెరికా నుంచి ఇక్కడి అమ్మానాన్నల ఇంటి పాత డీవీఆర్‌ని (కెమెరా రికార్డర్‌ని) పోర్ట్ ఫార్వర్డింగ్‌తో చూడాలని రాత్రంతా టెన్షన్ పడే పిల్లలు ఎందరో ఉంటారు. ఎన్నిసార్లు సెట్ చేసినా అది పనిచేయదు, బై నంబరు రాయాల్సిన పుస్తకం కంపెనీ చేతిలో ఉంది. కంపెనీని స్టాటిక్ ఐపీ (మారకుండా మీ ఒక్కరికే ఇచ్చే బయటి అడ్రస్) అడగాలి, లేదా లోపలి నుంచే బయటి సర్వర్‌కి కనెక్ట్ అయ్యే కెమెరా వాడాలి.

మూడో దారి ఐపీవీ6, అంటే ఇంటర్నెట్ అడ్రస్‌ల కొత్త పద్ధతి. 1998లోనే ప్రమాణ పత్రం వచ్చింది, 128 బిట్ల అడ్రస్, కరువన్నదే ఉండదు. మన దేశంలో 2016లో జియో వచ్చాక మొబైల్ ఫోన్లలో బాగా పాకింది. ఇంటి రౌటర్లలో మాత్రం ఆ మీట చాలాచోట్ల ఆఫ్‌లోనే ఉంటుంది. నాన్నగారి బాక్స్‌లో ఆన్ చేశాక కెమెరాకి సొంత అడ్రస్ వచ్చింది. బయటి నుంచి వచ్చేవాటిని అడ్డుకునే రౌటర్ ఫైర్‌వాల్‌లో దానికి విడిగా అనుమతి ఇచ్చాకే బయటి నుంచి కనబడింది.