ఆరేళ్లు దాటిన పిల్లోణ్ని ఎక్కడికి తీసుకుపోవాలి?

"కుదురుగా కూర్చోడు, పక్కనోళ్లను కొడతాడు. మావల్ల కాదు, టీసీ తీసుకోండి." బడులు తెరిచిన కొన్నాళ్లకే కర్నూలు, ఆదోని వైపు తల్లిదండ్రులకు ఎదురయ్యే మాట ఇది. దాంతో పాత తగువు మళ్ళీ లేస్తుంది. లోపం పెంపకంలోనా, బడిలోనా అని వాదించుకుంటారు.

1982 నాటి జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం, పక్కనే ఉన్న బళ్ళారిలో ఆ సేవలను జిల్లా స్థాయిలో అందించి చూసిన ప్రయోగం, దాన్ని చూసి 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం చాలామందికి తెలిసినవే. ఈ తగువుకు మూలం మాత్రం 2013 ఫిబ్రవరిలో ఉంది.

ఆ నెలలో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్లో 30 రకాల సమస్యలను ముందే పట్టుకోవడం దాని పని. గుండెలో రంధ్రం, గ్రహణం మొర్రితో పాటు ఆటిజం, చదువులో ఇబ్బంది, ఏడీహెచ్‌డీ (దృష్టి నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) కూడా ఆ జాబితాలో చేరాయి. పిల్లల ప్రవర్తనను ఆరోగ్య సమస్యగా గుర్తించడం గొప్ప ముందడుగే. కానీ ఆ కార్యక్రమం మార్గదర్శకాల్లోనే ఒక వయసు గీత కూడా ఉంది. ఆరేళ్లలోపు పిల్లలకు చికిత్స జిల్లా సత్వర చికిత్సా కేంద్రంలో, ఒకేచోట. సైకాలజిస్టు, మాటలు నేర్పేవారు, ప్రత్యేక ఉపాధ్యాయులు అక్కడే ఉండాలి. ఆరు దాటినవారిని మాత్రం ఉన్న ప్రభుత్వాసుపత్రులకే పంపాలి.

చదువులో ఇబ్బంది, ఏడీహెచ్‌డీ లాంటివి బయటపడేది ఎక్కువగా ఒకటో తరగతి తర్వాతే. కూర్చోవాలి, రాయాలి, వంతు వచ్చేదాకా ఆగాలి అన్నప్పుడే కదా తేడా తెలిసేది! అప్పటికి పిల్లోడికి ఆరు నిండుతాయి.

ఆరోగ్య పరీక్ష సంగతీ అంతే. ఈ కార్యక్రమం సంచార వైద్య బృందం బడికి రావాల్సింది ఏడాదికి ఒకసారి. ఏడీహెచ్‌డీ అని తేల్చాలంటే లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై, ఆర్నెల్లకు తక్కువ కాకుండా, ఇంట్లోనూ బడిలోనూ కనిపించాలి. ఒక్క పూట చూస్తే అదెట్లా తేలుతుంది? పైగా కోసిగి, పెద్దకడబూరు పల్లెల నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి (వలస కూలికి) పోయిన కుటుంబాల పిల్లలు ఆ రోజు బడిలోనే ఉండరు. అవ్వాతాతల దగ్గర ఉండిపోయిన పిల్లోడికి అమ్మానాన్నలు దూరమైన దిగులు ఉంటుంది. బయటికి మాత్రం అది మొండితనంలా కనబడుతుంది. ఆ తల్లులను "పెంచడం చేతకాదు" అనడం అన్యాయం. తాయెత్తు కట్టించారని తప్పుపట్టేముందు, వాళ్లకు ఇంకే దారి చూపామో చెప్పాలి.

నలభై, యాభై మంది ఉన్న తరగతిలో ఒక్కణ్ని ఎట్లా చూసుకోవాలన్నది ఉపాధ్యాయుల మాట. అందులో నిజముంది. అయినా ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లణ్నీ బడి నుంచి తీసేయకూడదని 2009 విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. నేర్చుకోవడంలో ఇబ్బందులను వీలైనంత తొందరగా గుర్తించాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. "మీరే టీసీ అడిగినట్టు రాసివ్వండి" అంటే ఈ రెండూ పక్కకు పోతాయి.

2022 అక్టోబరు నుంచి మానసిక ఆరోగ్య సలహాలిచ్చే ప్రభుత్వ ఫోను సేవ టెలీ మానస్ ఉంది, నంబరు 14416. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. కానీ చిన్నపిల్లల ప్రవర్తనకు ముందు కావాల్సింది మందు కాదు. పిల్లోడితో ఎట్లా మెలగాలో తల్లిదండ్రులకు నేర్పాలి, అదీ వారం వారం. ఫోనులో ఆ పని జరగదు. అందుకే చికిత్సా కేంద్రాల వయసు గీతను ఆరు నుంచి కనీసం పన్నెండేళ్లకు జరపాలి. ఆసుపత్రికి పంపే చీటీ మీద, ఏడాదంతా చూసిన టీచరు నాలుగు ముక్కలు రాసే చోటుండాలి.