మొబైల్ నెట్‌వర్క్ నిర్వహణలో బయటి సేవలు: అపోహలు - వాస్తవాలు

వాన హెచ్చరికలు, కరెంటు కోతల వేళలు, జాతర తేదీలు నెట్‌వర్క్‌లో పుట్టే సమాచారం కాదు. అయినా టవర్ల మీద భారం పెరగడానికి, సిగ్నల్ పోవడానికి చాలాసార్లు ఇవే కారణం. ఇలాంటి సమాచారం అందించే బయటి సేవలను నెట్‌వర్క్ నిర్వహణ వ్యవస్థతో కలపడం నా పని. ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవారి నుంచి, హనుమకొండలో కలిసే ఇంజినీరింగ్ విద్యార్థుల నుంచి తరచూ వినే అపోహలు ఇవి.

అపోహ: బయటి సేవను కలిపితే టవర్లను పరాయివారి చేతుల్లో పెట్టినట్లే.

వేర్వేరు కంపెనీల రేడియో పరికరాలు కలిసి పనిచేసేలా ప్రమాణాలు రాసే సంస్థ ఓ-రాన్ అలయన్స్. 2018లో ఏర్పడిన ఈ సంస్థ రూపొందించిన నిర్మాణంలో ఎస్‌ఎంవో అనే నిర్వహణ వేదిక ఉంటుంది. బయటి సమాచారం మామూలుగా ముందు అక్కడికే చేరుతుంది. ఆ వేదికపై నడిచే ఆర్‌యాప్‌లు అనే అప్లికేషన్లు దాన్ని ఆర్‌1 అనే ఇంటర్‌ఫేస్ (అనుసంధాన మార్గం) ద్వారా అందుకుంటాయి. ఏ యాప్ ఏ డేటా చదవాలి, ఏ సెట్టింగు మార్చమని అడగవచ్చు అన్నది ఆపరేటర్ నిర్ణయం. వాతావరణ సేవకు మన చందాదారుల వివరాలు ఒక్కటి కూడా తెలియనవసరం లేదు. అయితే అనుమతుల దగ్గర బద్ధకిస్తే ఈ రక్షణంతా కాగితాలకే పరిమితం. ముందు అన్ని అనుమతులూ ఇచ్చేసి తర్వాత తగ్గిద్దామనే పద్ధతిని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. పని నడుస్తుంటే ఆ 'తర్వాత' అనేది ఎప్పటికీ రాదు.

అపోహ: ఏపీఐ (రెండు సాఫ్ట్‌వేర్లు డేటా ఇచ్చిపుచ్చుకునే మార్గం) కలిసింది, డేటా వస్తోంది, ఇక పని అయిపోయింది.

అసలు పని అప్పుడే మొదలవుతుంది. హెచ్చరికలో 'వరంగల్ జిల్లా' అని ఉందనుకోండి. ఏ వరంగల్? 2016 పునర్విభజనకు ముందు మేడారం కూడా ఆ జిల్లాలోదే. తర్వాత జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి, 2019లో ములుగు జిల్లాలోకి వెళ్లింది. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, రూరల్ జిల్లాకు వరంగల్ పేరు వచ్చింది. సేవ నడిపేవారి పట్టికలో పాత వరంగల్ అర్బన్‌ను ఉత్త 'వరంగల్' అని రాసి ఉంటే, కాజీపేటకు రావలసిన హెచ్చరిక నర్సంపేట టవర్లకు చేరుతుంది. ఏ ఎర్రర్ కోడూ కనిపించదు, సర్వర్ నిక్షేపంగా 200 అనే, అంటే అంతా సవ్యమనే, జవాబిస్తుంది. అందుకే నేను జిల్లా పేర్ల మీద ఆధారపడను. అక్షాంశ రేఖాంశాలతో గీసిన హద్దులు ఇమ్మని పట్టుబట్టి, వాటిని సెల్ (ఒక టవరు యాంటెన్నా సిగ్నల్ అందించే ప్రాంతం) కవరేజీ పటంతో సరిచూస్తాను.

సమయం సంగతీ అంతే. చాలా సేవలు వాడే అంతర్జాతీయ ప్రామాణిక సమయం యూటీసీలో 18:30 అంటే మనకు అర్ధరాత్రి 12. దాన్ని మన సమయంగా చదివితే హెచ్చరిక ఐదున్నర గంటల ముందే మొదలై, అసలు వాన కురిసేసరికి గడువు తీరిపోయి ఉండవచ్చు.

అపోహ: కృత్రిమ మేధ ఉంటే నెట్‌వర్క్ సొంత లెక్కల నుంచే అన్నీ నేర్చుకుంటుంది.

మేడారం సంగతి చూడండి. రాత్రి వాడకం తగ్గినప్పుడు అదనపు క్యారియర్లను (టవరు వాడే రేడియో తరంగాల పట్టీలను) నిద్రపుచ్చి కరెంటు ఆదా చేసే ఆర్‌యాప్ మంచి సాధనమే. మేడారం వెళ్లే తాడ్వాయి అడవి దారిలోని టవరు సైటు విషయంలో గత కొన్ని వారాల లెక్కలు చూస్తే, రాత్రంతా నిద్రపుచ్చవచ్చనే దానికి తోస్తుంది. కానీ సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి వస్తుంది. పైగా తిథిని బట్టి తేదీలు మారతాయి: 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు, 2026లో జనవరి 28 నుంచి 31 వరకు. కన్నెపల్లి నుంచి సారలమ్మ, మరునాడు చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెలకు చేరే వేళకు భక్తులు లక్షల్లో ఉంటారు, దారుల్లో రాత్రంతా బస్సులు కదులుతూనే ఉంటాయి. తప్పిపోయిన పిల్లవాడి కోసం తల్లి ఫోను చేసేది అలాంటి రాత్రే. అప్పుడు ఆ సైటు నిద్రలో ఉండకూడదు. జాతర తేదీలు, తాత్కాలిక బస్టాండ్లు, పార్కింగ్ స్థలాల హద్దులు బయటి నుంచి అందాల్సిందే. ఈవెంట్ క్యాలెండర్ సేవ ఏది కొన్నా, ముందు అందులో మేడారం ఉందో లేదో చూడండి.

అపోహ: బయటి సమాచారం అందగానే రేడియో క్షణాల్లో మారిపోతుంది.

అలా మారదు, ఆ అవసరమూ లేదు. ఎస్‌ఎంవోలోని నాన్ రియల్‌టైమ్ రిక్ (రేడియో నెట్‌వర్క్‌ను నియంత్రించే సాఫ్ట్‌వేర్) ఒక సెకనుకు మించి వ్యవధి ఉన్న నిర్ణయాలు చూస్తుంది. 10 మిల్లీసెకన్ల నుంచి ఒక సెకను లోపువి నియర్ రియల్‌టైమ్ రిక్‌వి. బయటి సేవల వేగానికి మొదటిదే తగిన చోటు.

అపోహ: బయటి సేవ ఆగితే నెట్‌వర్క్ కూడా ఆగుతుంది.

సరిగ్గా అమర్చితే ఆగదు. ఏ1 ఇంటర్‌ఫేస్ మీదుగా మొదటి రిక్ నుంచి రెండోదానికి వెళ్లే పాలసీలు (మార్గదర్శక సూచనలు) తాత్కాలికమైనవి. నియర్ రియల్‌టైమ్ రిక్ రీస్టార్ట్ అయితే అవి మిగలవు, సెల్‌లు తమ ప్రాథమిక సెట్టింగులతో పనిచేస్తాయి. నాకు అసలు భయం పాత సమాచారాన్నే తాజాదన్నట్లు పంపుతూ ఉండే సేవలతోనే. 2023 జులై 27 తెల్లవారుజామున వాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి నీట మునిగింది. అలాంటి రాత్రి, ముందురోజు సాయంత్రపు అంచనాతో నిర్ణయాలు తీసుకునే యాప్ ఉండటం కంటే లేకపోవడమే నయం. ప్రతి సమాచారానికీ జారీ సమయం, గడువు రెండూ ఉండాలి. గడువు దాటితే యాప్ దాన్ని పక్కనపెట్టి, నిద్రపుచ్చిన క్యారియర్లను మేల్కొలపాలి.

దీన్ని మాటల్లో నమ్మవద్దు. జూన్ వానలకు ముందే, ఒక మామూలు మధ్యాహ్నం ఆ సేవను కావాలనే ఆపి చూడండి. అలారం ఎవరి తెర మీద వచ్చింది, ఎంతసేపటికి వచ్చింది, సెల్‌లు ఏ సెట్టింగులకు తిరిగివచ్చాయి? వీటికి రాతపూర్వకంగా జవాబు అందేవరకు నేను ఏ సేవనూ అసలు నెట్‌వర్క్‌కు కలపనివ్వను.