కార్తీకంలో తేలికపడే పొట్ట ఛడాఖాయినాడు ఎందుకు ఉబ్బుతుంది?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు చాలా తెలుగిళ్ళలో కార్తీకం వస్తే నీచుతో పాటు ఉల్లి, వెల్లుల్లి కూడా మానేస్తారు. ఆ రోజుల్లో కొందరికి ఎప్పటినుంచో ఉన్న కడుపుబ్బరం తగ్గుతుంది. నీచు మానడం వల్లే తగ్గిందనుకుంటారు. కానీ చేపలో, మాంసంలో పేగుల్లో పులిసే పిండిపదార్థాలు దాదాపు ఉండవు. అవి దండిగా ఉన్నది ఉల్లి, వెల్లుల్లిలో. ఫ్రక్టాన్లు అనే వీటిని అరిగించే ఎంజైము మన చిన్నపేగులో ఎవరికీ లేదు. అవి అలాగే పెద్దపేగు చేరితే అక్కడి సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి గ్యాసు చేస్తాయి. గ్యాసు అందరికీ పుడుతుంది, పేగు సున్నితంగా ఉన్నవారికి అది నొప్పి అవుతుంది.

పున్నమి మర్నాడు ఒడియా ఇళ్ళలో ఛడాఖాయి, అంటే నెలంతా మానిన నీచు మళ్ళీ తినే రోజు. మనలో పోలి పాడ్యమి దాకా ఆగేవాళ్ళూ ఉంటారు. ఏ రోజైనా మానినవన్నీ ఒకే పూట కంచంలోకి వచ్చేస్తాయి. నెలంతా పాటించిన పథ్యం నుంచి తెలుసుకోవలసింది అక్కడే చేజారిపోతుంది. ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం రూపొందించిన ఫాడ్‌మ్యాప్ పద్ధతిలో, అంటే పేగుల్లో పులిసే పిండిపదార్థాలు మాని చూసే పథ్యంలో, మానడం 2 నుంచి 6 వారాలే. అసలు పని ఆ తర్వాత, ఒక్కొక్కటే తిరిగి తిని చూడడం.

ముందు ఉల్లి. మొదటిరోజు మధ్యాహ్నం కూరలో ఒక చెంచా ఉల్లిముక్కలు, రెండోరోజు రెండు చెంచాలు, మూడోరోజు పావు ఉల్లిపాయ. బాధ మొదలైతే అక్కడే ఆపాలి. తర్వాత 2, 3 రోజులు విరామమిచ్చి వెల్లుల్లి: పావు రెబ్బ, అర రెబ్బ, ఒక రెబ్బ. పాలు కూడా అలాగే, అర కప్పు నుంచి కప్పు దాకా. పరీక్ష రోజుల్లో మిగతా భోజనం మార్చకూడదు. పూరీతో ఘుగుని (బఠాణీ కూర) తిని ఉల్లిని పరీక్షించానంటే కుదరదు. అందులో బఠాణీ, గోధుమ కూడా గ్యాసు చేసేవే.

తిన్న వేళ, బాధ మొదలైన వేళ రాసుకోవాలి. పాలు పడకపోతే తరచు రెండు గంటల్లోపే తెలుస్తుంది. ఉల్లి పెద్దపేగు చేరడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. అందుకే మధ్యాహ్నం ఉల్లి చేసిన పనికి సాయంత్రం టీ మీద నింద పడుతుంది.

పాలు పడనివారు ఛెనా (పాలు విరిచి చేసే ముద్ద) మానక్కరలేదు. విరిగిన పాల నీటితో పాటే లాక్టోజు అనే పాల చక్కెర చాలావరకు పోతుంది. పెరుగు కూడా చాలామందికి పడుతుంది.

కార్తీకంలోనూ ఉబ్బరం తగ్గకపోతే దాల్మాలోని (కూరగాయలతో వండే ఒడియా పప్పు) పప్పును అనుమానించాలి. పప్పును రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో ఉడికిస్తే గ్యాసు చేసే చక్కెరలు కొంత తగ్గుతాయి.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలేపే విరేచనాలు ఉంటే పథ్యాలకు ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. గోధుమ మీద అనుమానమైతే సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ వల్ల పేగు దెబ్బతినే జబ్బు) రక్తపరీక్ష గోధుమ తింటున్నప్పుడే చేయించాలి, మానేశాక చేయిస్తే జబ్బు ఉన్నా కనబడకపోవచ్చు. వందల పదార్థాల జాబితా ఇచ్చే ఐజీజీ (రక్తంలోని ఒక రకం యాంటీబాడీ) పరీక్షలకు డబ్బు పోయవద్దు. ఐజీజీ ఉందంటే ఆ పదార్థం తిన్నారని అర్థం, పడదని కాదు.

వెల్లుల్లి పడదని తేలినా పోపు వాసన వదులుకోనక్కరలేదు. ఫ్రక్టాన్లు నీటిలో కరుగుతాయి, నూనెలో కరగవు. రెబ్బల్ని చితక్కుండా నూనెలో ఎర్రగా వేయించి తీసేయాలి, ఆ తర్వాతే ఆవాలు, పప్పు వేయాలి. పులుసులో ఉడికించి ఏరేస్తే లాభం లేదు, అప్పటికే అవి నీళ్ళలోకి దిగిపోయి ఉంటాయి. ఆ నూనె ఏ పూటకాపూట చేసుకోవాలి. బయట నిలవ ఉంచితే ప్రాణాంతకమైన బాటులిజం విషం పుట్టే ప్రమాదం ఉంది.