ల్యాండింగ్ ఎక్కడ చెడుతుంది? విద్యార్థి పైలట్ల అపోహలు, వాస్తవాలు

శిక్షణ విమానం రన్‌వేను గట్టిగా తాకి పైకి లేచిన ప్రతిసారీ విద్యార్థి నోట దాదాపు ఒకే మాట వస్తుంది: "ఫ్లేర్ కుదరలేదు సార్." ఫ్లేర్ అంటే నేలను తాకే ముందు ముక్కును పైకెత్తి, కిందికి దిగే వేగాన్ని తగ్గించడం. ఇన్‌స్ట్రక్టర్‌గా పక్క సీటులో ఉండే నాకు మాత్రం ఆ ల్యాండింగ్ చాలాసార్లు ఫైనల్‌లోనే, అంటే రన్‌వేకు సూటిగా దిగివచ్చే చివరి దశలోనే, చెడినట్టు కనిపిస్తుంది.

అపోహ: వేగం కాస్త ఎక్కువ ఉంటే అంత భద్రత.

వాస్తవం: సెస్నా 172ఎస్ శిక్షణ విమానంలో ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు) పూర్తిగా దించినప్పుడు ఫైనల్‌లో ఉండవలసిన వేగం 60 నుంచి 70 నాట్లు (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు). స్టాల్ (వేగం మరీ తగ్గి రెక్కలు విమానాన్ని మోయలేకపోవడం) భయంతో 65కు బదులు 75 నాట్లతో వస్తే, చలనశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, విమానం మూడో వంతు అదనపు శక్తితో దిగుతుంది. ఆ శక్తి కరిగేదాకా నేలకు కొద్ది అడుగుల ఎత్తున తేలుతూనే పోతుంది. రన్‌వే తరిగిపోతోందన్న ఆందోళనతో విద్యార్థి ముక్కును కిందికి దించుతారు, నోస్ వీల్ ముందుగా తగులుతుంది. మన బేగంపేట సముద్రమట్టానికి సుమారు 1,740 అడుగుల ఎత్తున ఉంది. 40 డిగ్రీల ఎండలో అక్కడి గాలి ఐదు వేల అడుగుల ఎత్తులోని గాలి అంత పలచబడుతుంది కనుక, వేగం చూపే మీటరులో అదే 65 నాట్లు ఉన్నా అసలు వేగం సుమారు 8 శాతం ఎక్కువ. నేల వేగంగా వెనక్కి పోతున్నట్టు కనిపించిందని ముక్కు పైకెత్తి వేగం తగ్గించుకోవడం ప్రమాదకరం, మీటరునే నమ్మాలి.

అపోహ: బౌన్స్ అయిన (నేలను తాకి పైకి లేచిన) విమానాన్ని యోక్ (పైలట్ చేతిలోని నియంత్రణ చక్రం) ముందుకు నెట్టి నేలకు దించాలి.

వాస్తవం: ఇంతకంటే హాని చేసే నమ్మకం నాకు తెలిసి మరొకటి లేదు. దిగేటప్పుడు బరువు మోయవలసినవి మెయిన్ వీల్స్; నోస్ గేర్ (ముందు చక్రం, దాని కాలు) ఫైర్‌వాల్‌కు, అంటే ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడకు, బిగించి ఉంటుంది. ముందు చక్రం మొదట తగిలితే తోక దిగి, యాంగిల్ ఆఫ్ అటాక్ (రెక్క గాలిని ఎదుర్కొనే కోణం) పెరిగి, విమానం మళ్లీ లేస్తుంది. విద్యార్థి యోక్ నెట్టేసరికి అది అప్పటికే దిగుతూ ఉంటుంది, అందువల్ల రెండో దెబ్బ మొదటిదానికంటే గట్టిగా తగులుతుంది. మన స్పందన విమానం కదలికకు ఎప్పుడూ కొంత వెనకబడే ఉంటుంది కాబట్టి ఈ ఊగులాట ప్రతిసారీ పెరిగి, చివరికి నోస్ గేర్ విరగడం, ఫైర్‌వాల్ వంగడం, ప్రొపెల్లర్ నేలను కొట్టడం దాకా వెళ్లవచ్చు. చిన్న బౌన్స్ అయితే ముక్కును ల్యాండింగ్ భంగిమలోనే నిలిపి, కాస్త పవర్ ఇచ్చి దిగనివ్వాలి. పెద్దదైతే, లేదా రెండోసారి లేస్తే, వెంటనే గో-అరౌండ్ చేయాలి, అంటే దిగడం మానుకుని మళ్లీ పైకి ఎగరాలి.

అపోహ: గో-అరౌండ్ చేస్తే ఇన్‌స్ట్రక్టర్ దగ్గర పరువు పోతుంది.

వాస్తవం: విద్యార్థిని సోలోకు (ఒంటరిగా ఎగరడానికి) పంపే ముందు నేను వెతికేదే ఆ నిర్ణయం. ఫుల్ థ్రాటిల్ ఇచ్చి, కుడి రడ్డర్‌తో (తోకపై నిలువు పలకను కదిపే పెడల్‌తో) దిశ నిలిపి, ఫ్లాప్స్‌ను ముందు 20 డిగ్రీలకే తేవాలి. అన్నీ ఒకేసారి ఎత్తేస్తే విమానం కుంగుతుంది. ట్రిమ్ (యోక్‌పై బరువు తగ్గించే సర్దుబాటు) ల్యాండింగ్‌కు పెట్టి ఉంటుంది కనుక ముక్కు బలంగా లేస్తుంది; యోక్‌ను గట్టిగా ఆపి పట్టుకోవాలి.

అపోహ: చక్రాలు తాకితే పని అయిపోయినట్టే.

వాస్తవం: అడ్డగాలిలో వేగం తగ్గేకొద్దీ ఎయిలరాన్ల (విమానాన్ని పక్కలకు వంచే రెక్కల చివరి పలకల) పట్టు సడలుతుంది కనుక, గాలి వచ్చే వైపు యోక్‌ను క్రమంగా చివరిదాకా తిప్పుతూ, విమానం టాక్సీ వేగానికి వచ్చేవరకు రడ్డర్‌తో సెంటర్‌లైన్‌ను పట్టుకోవాలి.